తోడల్లుడి గాలి

పద్నాలుగేళ్లుగా కృష్ణలో మునిగి తేలుతున్నా, ఆ నీళ్ల అడుగున ఏముంటుందో హనోకు ఎన్నడూ చూడలేదు. పులిగడ్డ దిగువన ఏటి నీళ్లు ఎప్పుడూ మట్టిరంగే. రెండు నిలువులు దిగితే పట్టపగలే చీకటి. అందుకని దీవిసీమలో నీళ్లలో దిగి బతికేవాళ్లు తల మునగ్గానే కళ్లు మూసేసుకుంటారు. ఒండ్రు కళ్లలో పడదు. చీకట్లో కళ్లు తెరిస్తే పుట్టే భయమూ పుట్టదు. మిగతా పనంతా చేతులూ కాళ్లూ చూసుకుంటాయి. హనోకుకి ఆ విద్య నేర్పింది తండ్రి తోమాసు. "నీళ్లలో కళ్లతో పనేంట్రా? పది వేళ్లున్నాయి. వేలికో కన్ననుకో" అనేవాడాయన.

ఆ పది వేళ్లతోనే హనోకు తూములకి అడ్డంపడ్డ దుంగలు లాగాడు. లాకుల దగ్గర ఇరుక్కుపోయిన తలుపులకి గొలుసులు తగిలించాడు. రొయ్యల చెరువుల్లో మునిగిన మోటార్లు, రేవులో స్నానానికి దిగిన ఆడవాళ్ల మెళ్లో గొలుసులు, పడవ మీదనుంచి జారిన ఫోన్లు పైకి తెచ్చాడు. మనుషుల్నీ తెచ్చాడు. ఏటా ఎవరో ఒకరు ఏట్లో పడతారు. స్టేషన్ నుంచి కబురొస్తుంది. వెళ్తాడు, దిగుతాడు, వెతుకుతాడు, తీస్తాడు. మర్నాడు పేపర్లో ఎస్సైగారి పేరుంటుంది, తహసీల్దారుగారి పేరుంటుంది, పోయినవాడి పేరూ వాడి తండ్రి పేరూ ఉంటాయి. ఆఖర్న మాత్రం 'గజ ఈతగాళ్ల సాయంతో మృతదేహాన్ని వెలికితీశారు' అని ఉంటుంది. పద్నాలుగేళ్లలో ఆ మాట పక్కన ఒక్కసారైనా హనోకు అన్న పేరు అచ్చు కాలేదు.

"పేరు కోసం దిగుతున్నావా ఏంటి?" అనేది భార్య షీబా.

"నేనేం అన్లేదుగా" అనేవాడు హనోకు. అంటూనే పేపరు ఇంకొకసారి తిరగేసేవాడు.

ఎవరికేం దక్కిందో లెక్క చూసుకునే గుణం అతనికి చిన్నప్పట్నించీ ఉంది. సండే స్కూల్లో ఎవరికి పెద్ద బొమ్మ వచ్చిందో, పెళ్లి విందులో ఎవరి ఆకులో ఏ ముక్క పడిందో అతని కన్ను దాటిపోయేది కాదు. పైకి ఏమీ అనడు. అనకపోవడం వల్ల అది లోపలే ఊరి, చింతకాయ పచ్చడిలా ఏళ్ల తరబడి నిలవుండేది.

ఆ గుణానికి సరిపడా మేత మూడేళ్ల కిందట బందరు దగ్గరి గూడూరులో, అత్తారింట్లో దొరికింది. అత్తగారు సౌభాగ్యమ్మ చిన్నకూతురు క్రిస్టినాకి పెళ్లిచేసింది. అల్లుడు కిరణ్ కుమార్‌ది గుడివాడ. డిగ్రీ చదివి, ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాడు. సొంత బైకుంది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పదో తరగతి దగ్గరే ఆగిపోయి, బస్సులో వచ్చే హనోకుని చూస్తే చాలు, "అన్నయ్యా, బాగున్నారా?" అంటూ ఎదురొస్తాడు. తోడల్లుడు అలా ప్రేమగా పిలుస్తుంటే కోపగించుకోవడానికి సందు దొరకదు. హనోకుకి అసలు బాధ అదే.

అంతకు ముందు అయిదేళ్లు కోడి కోసిన ప్రతిసారీ కందనకాయ హనోకు కంచంలో పడేది. క్రిస్టినా పెళ్లయ్యాక మొదటి ఆదివారం అది కిరణ్ కంచంలోకి వెళ్లింది. "కొత్తల్లుడు కదా" అంది సౌభాగ్యమ్మ. మూడేళ్లయినా కిరణ్ కొత్తల్లుడిగానే ఉండిపోయాడు.

ఈ వేసవిలో, కాలువలు కట్టేసి పనుల్లేక హనోకు ఇంటి దగ్గరే ఉన్న రోజుల్లో, బందరులో స్కూబా, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలో దిగే విద్య, నేర్పుతున్నారని తెలిసింది. నేర్పేది కాంతారావు మాస్టారు. గుడివాడ దగ్గరి పల్లెటూరు ఆయనది. నేవీలో ఇరవై ఏళ్లు డైవరుగా చేసి రిటైరయ్యి, విశాఖపట్నంలో డైవింగ్ సెంటరు పెట్టుకున్నాడు. సొంత జిల్లా పిల్లలకి నేర్పాలని వేసవిలో పదిహేను రోజులు ఇటు వచ్చి, బందరులో ఒక ప్రైవేటు ఈతకొలను మాట్లాడుకున్నాడు. రోజూ పొద్దున ఆరింటినుంచి పదింటిదాకా క్లాసు. కొలనులో పాఠాలన్నీ నెగ్గితే విశాఖ తీసుకెళ్లి సముద్రంలో నాలుగుసార్లు దింపుతారు. అదీ నెగ్గితే మొదటి మెట్టు సర్టిఫికెట్ వస్తుంది. కార్డు మీద ఫొటో ఉంటుంది, పేరుంటుంది. సర్టిఫికెట్ వచ్చినవాళ్లలో ఒకర్ని తన సెంటర్లో సహాయకుడిగా పెట్టుకుని పై మెట్లు కూడా తనే నేర్పుతానని మాస్టారు చెప్పాడట.

ఆ 'ఒకరు' తనే అని హనోకు ఆ మాట విన్న క్షణంలోనే తేల్చేసుకున్నాడు. ఇంకెవరుంటారు? పద్నాలుగేళ్లు ఏట్లో మునిగినవాడు జిల్లా మొత్తం మీద ఎంతమంది? షీబాకి చెప్పాడు. షీబా ఫోన్లో వాళ్లమ్మకి చెప్పింది. సౌభాగ్యమ్మ క్రిస్టినాకి చెప్పింది. సాయంత్రం కిరణ్ ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నేను కూడా చేరుతున్నాను. స్కూలుకి సెలవులేగా. ఇద్దరం గూడూరులో ఉండి నా బండి మీద వెళ్లొద్దాం."

"నీకు ఈతొచ్చా?"

"గుడివాడలో పూల్లో నేర్చుకున్నానన్నయ్యా. మీ అంత కాదనుకోండి."

హనోకు ఫోన్ పెట్టేసి షీబాని చూశాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా" అన్నాడు.

"మా అమ్మకి చెప్పకూడదా?"

"మీ అమ్మకి చెప్తే గుడివాడ దాకా దండోరా."

భార్యలతో సహా ఇద్దరూ గూడూరులో దిగారు. క్లాసులో ఆరుగురున్నారు. బందరు నుంచి ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు, ఐశ్వర్య అని నర్సింగ్ చదివే అమ్మాయి, ఈ ఇద్దరు తోడల్లుళ్లు. మొదటి రోజు ఈత పరీక్ష. రెండొందల మీటర్లు ఈదాలి, పది నిమిషాలు కదలకుండా తేలాలి. హనోకు రెండొందల మీటర్లు ఈదేసి ఒడ్డెక్కి ఒళ్లు తుడుచుకునేసరికి కిరణ్ ఇంకా సగంలో ఉన్నాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఏవూరు నీది?" అన్నాడు. దీవిసీమ అన్నాడు హనోకు. "అదీ సంగతి" అన్నాడాయన నవ్వి. ఆ ఒక్క మాటతో హనోకు కడుపు నిండిపోయింది. ఆ రోజు బండి మీద వెనక కూర్చుని వస్తుంటే గాలి కూడా చల్లగా ఉందనిపించింది.

మర్నాటి నుంచి కథ అడ్డం తిరిగింది.

మాస్టారు జంటలు కట్టాడు. ఈ విద్యలో ఎవరూ ఒంటరిగా దిగరు. జంటలో ఒకరి సామాను ఒకరు చూడాలి, నీళ్లలో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి, ఒకరికి గాలి అయిపోతే రెండోవాడు తన దగ్గరున్న పసుపు గొట్టం ఇవ్వాలి. ప్రతివాడి సిలిండరుకీ నోట్లో పెట్టుకునే గొట్టాలు రెండుంటాయి. నల్లది తనకి, పసుపుది జంటకి. "మీ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కదా" అని మాస్టారు హనోకునీ కిరణ్‌నీ జంట చేశాడు.

"నీళ్లలో మాటల్లేవు. సైగలే. బొటనవేలూ చూపుడువేలూ కలిపితే బాగానే ఉన్నాను. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. అరచెయ్యి ఇలా గొంతుకి అడ్డంగా కోసినట్టు ఆడిస్తే గాలి అయిపోయిందని. ఇంకో మాట. ఈ సిలిండరు వీపున ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టకూడదు. లోపల పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పీలుస్తూ ఉండండి, వదుల్తూ ఉండండి" అన్నాడు మాస్టారు.

కిరణ్‌కి అది చెప్పిన వెంటనే పట్టుబడింది. మరిచిపోవలసింది అతని దగ్గర ఏమీ లేదు. హనోకు మునిగాడో లేదో పద్నాలుగేళ్ల అలవాటు రెండు పనులు ఒకేసారి చేసింది. ఊపిరి బిగించింది, కళ్లు మూసింది.

మాస్టారు అతని ముఖానికున్న అద్దం మీద వేలితో టకటక కొట్టాడు. హనోకు తెరిచాడు. మాస్టారు అటు తిరగ్గానే మళ్లీ మూశాడు. తెలిసి మూసింది కాదు, రెప్పలే వాలిపోయాయి.

"ఏమయ్యా, ముఖానికి అంత అద్దం పెట్టుకుని లోపల నిద్రపోతున్నావా?" అన్నాడు మాస్టారు పైకొచ్చాక. కాలేజీ కుర్రాళ్లు నవ్వారు.

"మా అన్నయ్యకి ఏట్లో అలవాటు సార్. అక్కడ కళ్లతో పన్లేదు" అన్నాడు కిరణ్, వెనకేసుకొస్తూ.

తనని ఇంకొకడు వెనకేసుకురావలసిన రోజు వస్తుందని హనోకు అనుకోలేదు. అదీ నీళ్ల దగ్గర. అదీ వీడు.

ఊపిరి సంగతి నాలుగు రోజుల్లో దారికొచ్చింది. కళ్లు రాలేదు. మాస్టారు ప్రతి పాఠానికీ కిరణ్‌ని ముందు పిలిచేవాడు. అద్దంలోకి నీళ్లు వదిలి ముక్కుతో ఊది బయటికి నెట్టడం, నోట్లో గొట్టం వదిలేసి మళ్లీ వెతికి పెట్టుకోవడం, అడుక్కీ దిగకుండా పైకీ తేలకుండా నడిమధ్య నిలబడడం. "కిరణ్‌ని చూడండి. తొందర లేదు, హడావుడి లేదు" అనేవాడు. చూడండి అన్నప్పుడల్లా హనోకు కొలను అవతలి గట్టు వైపు చూసేవాడు. చెప్పులేసుకుని నడిచినట్టు నీళ్లలో నడిచేవాడు తను. ఇప్పుడు గుడివాడ పూల్లో, గట్టుకీ గట్టుకీ మధ్య ఈత నేర్చినవాణ్ణి చూసి నేర్చుకోవాలి.

పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గూడూరు ఇంటి వసారాలో కిరణ్ దాన్ని తీసుకుని తెలుగులో చెప్పేవాడు. విసుక్కునేవాడు కాదు. హనోకు రెండోసారి అడిగితే రెండోసారి, మూడోసారి అడిగితే మూడోసారి. సౌభాగ్యమ్మ గుమ్మంలో కూర్చుని చూసి మురిసిపోయేది.

"దేవుడు నాకు కొడుకుల్నివ్వకపోతేనేం, ఇద్దర్నిచ్చాడు. చిన్నోడు పెద్దోడికి పాఠం చెప్తన్నాడు చూడవే షీబా."

"ఆయనకి చెప్పడమంటే రాతికి చెప్పినట్టే" అంది షీబా, సరదాకి.

కిరణ్ వెంటనే, "అలా అనకండి వదినా. నేను ఏట్లో దిగితే అరనిమిషం ఉండను" అన్నాడు. ఆ మంచి మాట కూడా హనోకుకి కంట్లో నలుసులా పడింది. తిట్టినా బాగుండేది. తిట్టేవాణ్ణి ద్వేషించడం తేలిక.

పదో రోజు పొద్దున ఒక సంగతి జరిగింది. మాస్టారు పన్నెండడుగుల లోతున అందర్నీ వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తున్నాడు. హనోకు వంతు ఆఖర్న. కళ్లు మూసుకుని బుడగల చప్పుడు వింటున్నాడు. తన గాలి, తన బుడగలు, పక్కన ఇంకెవరివో. ఎందుకో తెలియదు, మెల్లిగా రెప్పలు విడిపోయాయి. విడిపోయి అలాగే ఉన్నాయి.

నీలం రంగు పలకలు. వాటి మీద కదిలే ఎండ వల. ఐశ్వర్య జడ పాములా పైకి లేచి ఊగుతోంది. తర్వాత అతను తన చేతులు చూసుకున్నాడు. ఇన్నేళ్లూ నీళ్లలో తనకి అన్నం పెట్టిన చేతుల్ని నీళ్లలో చూడ్డం అదే మొదలు. ఉన్నదానికన్నా పెద్దవిగా, దగ్గరగా, తెల్లగా కనిపించాయి. వేళ్లు ముడిచి తెరిచాడు. అద్దం లోపల కళ్లు తడిశాయి.

ఎవరికీ చెప్పలేదు. మాస్టారికి చెప్పలేదు, కిరణ్‌కి చెప్పలేదు, ఆఖరికి షీబాకి కూడా చెప్పలేదు. అందరి ముందూ ఒక్కసారి చూపించాలి. 'హనోకుని చూడండి' అని మాస్టారి నోట వినాలి. అంతవరకూ అది తనదే.

మర్నాడు గాలి కట్టేసే పాఠం. మాస్టారు వెనకనుంచి వచ్చి సిలిండరు మూత తిప్పి గాలి ఆపుతాడు. ఆగినవాడు భయపడకుండా జంటకి సైగ చెయ్యాలి. జంట పసుపు గొట్టం ఇవ్వాలి. ఇచ్చాక మాస్టారు మళ్లీ తెరుస్తాడు. పాఠమంతా అయ్యేది నిమిషంలోపే.

"హనోకూ, ఈ ఒక్కసారీ కళ్లు తెరువు నాయనా. వాడి ప్రాణం నీ చేతిలో ఉంటుంది" అన్నాడు మాస్టారు.

"అలాగేనండి."

కిరణ్ భుజం తట్టి, "నేను చేతులు బాగా పెద్దగా ఆడిస్తాలే అన్నయ్యా" అన్నాడు. కుర్రాళ్లలో ఒకడు, "నీళ్లలో ఈల వేస్తే వినపడదా సార్?" అన్నాడు. అంతా నవ్వారు. కిరణ్ కూడా నవ్వాడు.

అడుగున ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చున్నారు. హనోకు కళ్లు తెరిచే ఉన్నాయి. మాస్టారు కిరణ్ వెనక చేరడం చూశాడు. ఆయన కుడిచెయ్యి మూత తిప్పడం చూశాడు. కిరణ్ ఒక గుక్క పీల్చాడు. రెండో గుక్క సగంలో ఆగింది. కనుబొమలు పైకి లేచాయి. చెయ్యి గొంతుకి అడ్డంగా ఆడించాడు.

హనోకు చెయ్యి పసుపు గొట్టం మీదికి వెళ్లింది. వెళ్లి, అక్కడ ఆగింది.

మూడేళ్లలో మొదటిసారి వీడు తనని ఒకటి అడుగుతున్నాడు. అద్దం వెనక ఆ కళ్లు, ఎప్పుడూ నవ్వే ఆ కళ్లు, ఇప్పుడు నవ్వడం లేదు. ఇంకొక్క క్షణం, అనుకున్నాడు హనోకు. ఇంకొక్క క్షణం అడగనీ.

కిరణ్ రెండోసారి ఆడించాడు. మూడోసారి ఇంకా వేగంగా ఆడించాడు. అప్పుడు హనోకు కళ్లు మూసుకున్నాడు. రెప్పలు వాటంతటవి వాల్లేదు. తనే మూశాడు. కిరణ్ చెయ్యి తన ఛాతీ వైపు వస్తున్న కదలిక నీళ్లలో తెలిసి, జానెడు వెనక్కి జరిగాడు కూడా.

ఆ చెయ్యి అందుకోలేకపోయింది. మాస్టారు మూత తెరిచేలోపే కిరణ్ నోట్లో గొట్టం ఊసేసి, కాళ్లు తన్నుకుంటూ పైకి లేచాడు. మాస్టారు వాడి నడుం పట్టుకుని, కడుపు మీద గుద్ది గాలి వదిలిస్తూ వెంట వెళ్లాడు. హనోకు కళ్లు తెరిచేసరికి ఎదురుగా బుడగలే ఉన్నాయి.

ఒడ్డున కిరణ్ బోర్లా పడి దగ్గుతున్నాడు. ముక్కులోనుంచి నీళ్లు కారుతున్నాయి. ఐశ్వర్య వీపు రాస్తోంది. మాస్టారు ఛాతీ దగ్గర చెవి పెట్టి విన్నాడు, నొప్పేమైనా ఉందా అని నాలుగుసార్లు అడిగాడు. లేదన్నాడు కిరణ్. ప్రమాదం తప్పింది.

"తప్పు నాది. కళ్లు తెరవనివాణ్ణి ఈ పాఠానికి జంట కట్టాను" అన్నాడు మాస్టారు.

"అన్నయ్యది తప్పులేదు సార్. అలవాటది" అన్నాడు కిరణ్ దగ్గు మధ్యలో. తువ్వాలు చుట్టుకుని, "నా వల్ల కాదు సార్. నాకు నీళ్లంటే భయం పట్టుకుంది. మానేస్తాను" అన్నాడు.

ఆ మాట హనోకుకి చల్లగా తగిలింది. సిగ్గుపడవలసిన చోట చల్లబడింది మనసు. పోటీ లేదిక. కాని మాస్టారు అటు చూసి, ఇటు తిరిగాడు.

"నువ్వు కూడా ఆగిపో హనోకూ. నీ అంత ఈతగాణ్ణి నేను నేవీలో కూడా కొద్దిమందినే చూశాను. కాని జంటని చూడనివాడికి ఈ సర్టిఫికెట్ ఇవ్వలేను. ఈ నాలుగు రోజుల్లో పోయే అలవాటు కాదిది. మళ్లీ వేసవికి రా."

మళ్లీ వేసవి. అప్పటికి ఆ 'ఒకరు' ఇంకెవరో అయిపోతారు.

"నాకు కళ్లు తెరవడం వచ్చేసిందండి" అన్నాడు హనోకు.

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న వస్తే ఇవాళేమయింది?"

"వచ్చిందండి. నిజంగానే వచ్చింది. అన్నీ చూశాను. అడుగున పలకలు నీలంవి, మెట్ల పక్కన రెండు ఊడిపోయాయి. మీరు కుడిచేత్తో తిప్పారు, మీ చేతికి నల్లదారం ఉంది. తమ్ముడు ఒకటిన్నర గుక్క పీల్చాడు. తర్వాత మూడుసార్లు గొంతు మీద..."

అక్కడిదాకా వచ్చాక తనేం చెప్తున్నాడో అతనికి వినపడింది. నోరు మూశాడు. కిరణ్ తువ్వాలు చుట్టుకున్నవాడు చుట్టుకున్నట్టే తలెత్తాడు.

"మూడుసార్లూ చూశావా?" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు.

హనోకు కొలను నీళ్ల వైపు తిరిగాడు.

మాస్టారు తడిచేతులు తుడుచుకుని, గదిలోకి వెళ్లి, హనోకు నింపిచ్చిన ఫారం, దానికి గుచ్చిన రెండు ఫొటోలు తెచ్చాడు. "కళ్లు మూసుకునేవాడికి నేర్పగలను. అదెంతపని. చూసి మూసుకున్నవాడికి ఏం నేర్పాలో నాకు తెలీదు. వెళ్లు" అని చేతిలో పెట్టాడు.

బయట కిరణ్ బండి తీశాడు. హనోకు బస్టాండు వైపు నడవబోతే, "ఎక్కండి" అన్నాడు. అన్నయ్యా అనలేదు. పొలాల్లో మినప తీసేసిన మోళ్లు ఎండకి మెరుస్తున్నాయి. ఎదురుగా ఉన్న ఆ వీపు చూడలేక హనోకు దారంతా పక్కకే చూశాడు. ఇంటికెళ్లగానే వీడు చెప్తాడు. చెప్పనీ. అత్తయ్య అరుస్తుంది, షీబా ఏడుస్తుంది, క్రిస్టినా ముఖం తిప్పుకుంటుంది. అన్నిటికీ సిద్ధపడే ఉన్నాడు. అప్పుడైనా వీడు తనలాంటి మామూలు మనిషని తేలుతుంది.

సౌభాగ్యమ్మ అన్నం వడ్డించి, ప్రార్థన చేసి, ఆమెన్ అంటూనే అడిగింది. "ఏంటి, ఇద్దరూ మొహాలు అలా పెట్టుకున్నారు?"

హనోకు కంచంలో చెయ్యి పెట్టి ఎదురుచూశాడు.

"ఏం లేదత్తయ్యా. ఇవాళ నాకు నీళ్లలో కొంచెం ఊపిరాడలేదు. భయమేసి మానేశాను. అన్నయ్యకి కళ్లు మూసే అలవాటు పోలేదని మాస్టారు మళ్లీ వేసవికి రమ్మన్నారు. అంతే" అన్నాడు కిరణ్, ముద్ద కలుపుతూ.

"పోన్లే నాయనా, ప్రాణం కన్నానా. పెద్దోడా, నువ్వు దిగులు పడమాక, మళ్లీ వేసవి ఎంతలో వస్తది" అంది సౌభాగ్యమ్మ.

కిరణ్ తలెత్తి హనోకు వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఆ చూపులో గర్వమో జాలో వెతుక్కునేవాడు. వాడు పప్పులో నెయ్యి వేసుకుని తింటున్నాడు. చదువు వాడికే, బండి వాడికే, నీళ్లు కూడా వాడికే పట్టుబడ్డాయి. ఇప్పుడు తను చేసిన పాపాన్ని కడుపులో పెట్టుకునే మంచితనం కూడా వాడిదే. రేపట్నుంచి బతికినన్నాళ్లూ ఈ ఇంట్లో కూర్చున్న ప్రతిసారీ ఆ మంచితనం కింద కూర్చోవాలి.

"అలవాటు కాదు" అన్నాడు హనోకు.

"ఏంటి?" అంది షీబా.

"నా కళ్లు తెరిచే ఉన్నాయి. గాలి కట్టేస్తే వీడు నన్నడిగాడు. మూడుసార్లు అడిగాడు. చూసే మూసుకున్నాను. పట్టుకోబోతే వెనక్కి జరిగాను."

సౌభాగ్యమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. క్రిస్టినా లేచింది. మొగుడి దగ్గరికి వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

కిరణ్ అప్పుడు చూశాడు హనోకు వైపు. "వెనక్కి జరిగారా?" అన్నాడు. సైగ చూసిన సంగతి కొలను దగ్గరే విన్నాడు. ఈ మాట మాత్రం ఇప్పుడే వింటున్నాడు. "నేను అందుకోలేకపోయాననుకున్నాను. నాకే చేతకాలేదనుకున్నాను. బండి మీద కూడా అదే ఆలోచిస్తున్నాను, చెయ్యి ఎందుకు అందలేదా అని."

"అందేదే. నేను జరిగాను."

కిరణ్ కంచం పక్కకి జరిపాడు. సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ సాయంత్రమంతా వసారాలో కూర్చుని పుస్తకం తిరగేస్తుంటే, మళ్లీ దాని జోలికెందుకని క్రిస్టినా అడగడం, వాడు జవాబు చెప్పడం గది లోపల ఉన్న హనోకుకి వినబడ్డాయి.

"నీళ్లకి భయపడ్డాననుకున్నా క్రిస్టీ. నీళ్లదేం లేదు ఇందులో. నేను చెయ్యవలసింది సరిగ్గానే చేశాను."

మర్నాడు అయిదున్నరకి బండి చప్పుడైంది. కిరణ్ సంచీ భుజానికి తగిలించుకుని బందరు బయల్దేరాడు. వాకిట్లో ముగ్గేస్తున్న పక్కింటామె పుష్పావతి, "ఇవాళ మీ తోడల్లుడు రావట్లేదా?" అని అడిగితే, "ఐశ్వర్యని నాకు జంట కట్టమని అడుగుతానండి" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. కిటికీలోనుంచి విన్న హనోకుకి బాగా అర్థమైంది. నిన్న కిరణ్ మానేశాడు. తను నోరు తెరవకుండా ఉంటే మానేసినవాడు మానేసినట్టే గుడివాడ వెళ్లిపోయేవాడు. వాడికి ధైర్యం తిరిగి తెచ్చిచ్చింది తనే.

బండి చప్పుడు రోడ్డెక్కి దూరమైపోయింది.

షీబా బట్టలు సంచీలో సర్దుతోంది. వాళ్లూరి వైపు వెళ్లే అవనిగడ్డ బస్సుకి ఇంకా అరగంటుంది. ఆఖరి చొక్కా మడతపెడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"అతను కప్పిపెట్టాడుగా. ఎవరికీ తెలిసేది కాదు. మరెందుకు చెప్పావు?"

హనోకు కిటికీ వదల్లేదు.

"వాడు కప్పిపెట్టాడనే" అన్నాడు.